ఒక్క ఫోనుతో ఏడు చేపల కథ: పిల్లల చేత కథను కదిలే బొమ్మలుగా తీయించడం ఎలా?

మూడు, నాలుగు తరగతుల పిల్లలతో "మనం విన్న కథను సినిమా తీద్దామా?" అనండి. మొదట వచ్చే ప్రశ్న "ఫోను ఎవరు పట్టుకుంటారు టీచర్?" అనే. కథ సంగతి ఎవరికీ గుర్తుండదు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ఫోను నాలుగో రోజు దాకా బ్యాగులోనే ఉంటుంది. ఏది చూపించాలి, ఏది వదిలేయాలి, ఎవరు ఎటు తిరిగి నిలబడాలి అని తేల్చుకోవాలంటే పిల్లలు కథలోకి పదే పదే వెళ్లి చూడక తప్పదు. ఆ మొదటి మూడు రోజుల్లోనే కథను నిజంగా చదువుతారు. ఫోను ముందే చేతికిస్తే ఫిల్టర్లతో ఆడుకుంటూ కూర్చుంటారు.

మనం చేయబోయేది స్టాప్ మోషన్. బొమ్మను కొంచెం జరిపి ఒక ఫోటో, ఇంకొంచెం జరిపి ఇంకో ఫోటో తీస్తూ పోవాలి. వాటిని వరసగా, వేగంగా చూపిస్తే బొమ్మ తనంతట తానే నడిచినట్టు ఉంటుంది. థియేటర్లో ఆడే సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 ఫోటోలు. పిల్లల పనికి 6 చాలు. కదలిక కాస్త గెంతుతున్నట్టు కనిపిస్తుంది, అదీ బాగానే ఉంటుంది.

కావలసినవి

స్మార్ట్‌ఫోను ఒకటి. పాతదైనా, స్క్రీన్ పగిలినదైనా పర్లేదు, కెమెరా బాగుంటే చాలు. అందులో స్టాప్ మోషన్ స్టూడియో యాప్ వేసుకోండి. ఉచితంగా దొరికేదే సరిపోతుంది. డబ్బు కడితే వచ్చే అదనపు సౌకర్యాలు ఈ పనికి అక్కర్లేదు. ఒకసారి వేసుకున్నాక షూటింగ్‌కి నెట్ కూడా అవసరం లేదు.

చార్టులు, స్కెచ్ పెన్నులు, కత్తెరలు, దారం, సెల్లోటేపు. వీటితో పాటు పాత పెళ్లి కార్డులు తెమ్మనండి. కాగితం బొమ్మ గాలికి లేస్తుంది, నాలుగుసార్లు జరిపేసరికి నలుగుతుంది. పెళ్లి కార్డు అట్ట గట్టిగా ఉంటుంది, ఏ ఇంట్లో అడిగినా దొరుకుతుంది. మట్టి బొమ్మలూ, క్లే బొమ్మలూ చూడ్డానికి బాగుంటాయి కానీ మొదటిసారికి వద్దు. అవి నిలబడవు, మన ఎండల్లో క్లే మెత్తబడి ఒరిగిపోతుంది. నేల మీద పరిచే అట్ట బొమ్మ పడిపోయే ప్రసక్తే లేదు.

మొదటి రోజు: కథను విప్పడం

మొదటి ప్రయత్నానికి ఏడు చేపల కథను మించింది లేదు. పిల్లలందరికీ తెలిసిన కథ, మాటలు తక్కువ, ప్రతి మలుపులో ఒకే రకం ప్రశ్న. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్లి ఏడు చేపలు తెస్తారు. అన్నీ ఎండుతాయి, ఒకటి ఎండదు. ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డం వచ్చింది. మోపు ఎందుకు అడ్డం వచ్చిందంటే ఆవు మేయలేదు. ఆవును పాలేరు మేపలేదు, పాలేరుకు అవ్వ బువ్వ పెట్టలేదు, పాపాయి ఏడ్చింది, పాపాయిని చీమ కుట్టింది. చివరికి చీమ అంటుంది: "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?"

ముందు మీరు చెప్పకండి. పిల్లల్నే చెప్పమనండి. ఒకరు పాలేరు అంటారు, ఇంకొకరు గొల్లవాడు అంటారు. ఒకరింట్లో అవ్వ, ఇంకొకరింట్లో అమ్మ. ఏది సరైనదని తీర్పు చెప్పొద్దు. రాత్రికి ఇంట్లో అమ్మమ్మనో నానమ్మనో అడిగి, వాళ్లు చెప్పే తీరు తెలుసుకుని రమ్మనండి. తరగతి సినిమాలో ఏ రూపం ఉండాలో చేతులెత్తించి తేల్చండి.

తర్వాత అసలు ప్రశ్న అడగండి: "వీటిల్లో ముందు జరిగింది ఏది?" చాలామంది "చేపలు ఎండబెట్టడం" అంటారు. కాసేపు ఆగితే ఎవరో ఒకరు "కాదు టీచర్, పాపాయి వేలు పెట్టడమే ముందు" అంటారు. ఈ కథ జరిగిన వరస వేరు, చెప్పే వరస వేరు. ఫలితం నుంచి కారణానికి వెనక్కి నడుస్తుంది. జరిగిన వరసలో తీద్దామా, చెప్పే వరసలో తీద్దామా అని వాదించుకోనివ్వండి. జరిగిన వరసలో తీస్తే చీమ సంగతి మొదట్లోనే తెలిసిపోతుంది, ఇక చూసేవాళ్లకు ఏం మిగులుతుంది? ఈ మాట మీ నోటి నుంచి కాక పిల్లల నోటి నుంచి రావడానికి ఒక పీరియడ్ పట్టినా నష్టం లేదు.

రెండో రోజు: సీన్లు గీయడం

జవాబు చెప్పేవాళ్లు ఏడుగురు: చేప, గడ్డిమోపు, ఆవు, పాలేరు, అవ్వ, పాపాయి, చీమ. తరగతిలో 28 మంది ఉంటే నలుగురేసి ఏడు గుంపులు. గుంపుకో సీన్. తక్కువ మంది ఉంటే ఒక గుంపుకు రెండేసి సీన్లు ఇవ్వండి. వేటకెళ్లడం, ఏడు చేపలు తేవడం తీయాలంటే పని పెరుగుతుంది. దాన్ని ఒకే బొమ్మ మీద గొంతుతో చెప్పించేయండి.

గీయించే ముందు ఒక చేర్యాల నకాశీ పటం ఫోటో చూపించండి. ఎర్రటి నేపథ్యం మీద కథను గళ్లుగళ్లుగా గీసిన పొడవాటి గుడ్డ అది. కథకులు దాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ, ఒక్కో బొమ్మ చూపిస్తూ కథ చెప్పేవాళ్లు. సినిమావాళ్లు స్టోరీబోర్డు అనే పని సిద్దిపేట జిల్లా చేర్యాలలో ఎప్పటినుంచో ఉందని పిల్లలకు తెలియడం మంచిదే.

ఒక్కో గుంపుకు ఒక తెల్ల కాగితం ఇచ్చి మూడు గళ్లు గీయించండి. మొదటి గడిలో సీను మొదలైనప్పుడు ఎవరెక్కడ ఉన్నారు, రెండో గడిలో ఏం కదులుతుంది, మూడో గడిలో సీను ఎలా ఆగుతుంది. గడి కింద మాట రాయాలి. అంతే. బొమ్మ బాగా గీశారా లేదా అని చూడొద్దు, మీకు అర్థమైతే చాలు.

ఈ దశలో మూడు ప్రశ్నలతో గుంపుల మధ్య తిరగండి. ఒకటి, "చూసేవాడికి ఏది పెద్దగా కనిపించాలి?" చీమ సీన్లో చీమ మామూలు సైజులో ఉంటే చుక్కలా ఉంటుంది. అక్కడ చీమ ఆవంత కావాలి. దగ్గర నుంచి చూపించడం అంటే ఏమిటో పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది. రెండు, "ముందు సీన్లో ఉన్నది ఇందులో ఏం మిగలాలి?" ఆవు సీన్లో వెనకాల గడ్డిమోపు కనిపించాలి కదా. మూడు, "అడిగేది ఎవరు?" ప్రతి సీన్లోనూ రాజకుమారుడే అడుగుతాడు. కాబట్టి అతని బొమ్మ తరగతి మొత్తానికి ఒక్కటే ఉండాలి. ఏడు గుంపులూ ఏడు రకాల రాజకుమారుల్ని చేస్తే చూసేవాళ్లకు ఏడుగురు అన్నదమ్ములూ వంతులవారీగా వచ్చినట్టు ఉంటుంది. (ఒక తరగతి అలాగే కావాలని పట్టుబడితే ఒప్పుకోండి. కొడుకులు ఏడుగురే కదా, జవాబులూ ఏడే. లెక్క సరిపోతుంది.)

చివరి పది నిమిషాలు లెక్కలకు. ఒకరు గడియారం చూస్తుంటే ఇంకొకరు మాటలు పలకాలి. "చేపా చేపా, ఎందుకు ఎండలేదు?" అనడానికి సుమారు 3 సెకన్లు, జవాబుకు ఇంకో 3, కదలికకు 2. మొత్తం 8 సెకన్లు. సెకనుకు 6 ఫోటోలైతే 48 ఫోటోలు. ఏడు సీన్లకు 336. ఎక్కం ఎందుకు నేర్చుకోవాలో చెప్పే పాఠం విడిగా అక్కర్లేదు. తమ సీనుకు ఎన్ని ఫోటోలో ఆ అంకెను కాగితం మూల రాయించండి, షూటింగ్ రోజు పనికొస్తుంది.

మూడో రోజు: బొమ్మలు

ముఖాలు పక్కకు తిరిగి ఉండేలా గీయమనండి. ఎదురుగా చూసే బొమ్మ ఎటు నడుస్తుందో తెలియదు. తోలుబొమ్మల్లో కూడా ఎక్కువ పాత్రల ముఖాలు పక్కకే తిరిగి ఉంటాయి. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంటలో ఇప్పటికీ తోలుబొమ్మలు చేస్తున్నారు. వాటి ఫోటోలు నెట్లో సులువుగా దొరుకుతాయి. చేతులు, మోచేతులు విడివిడిగా కోసి కీళ్ల దగ్గర ఎలా కట్టారో చూపించండి.

మన బొమ్మలకు అన్ని కీళ్లు వద్దు. ఒక్కో బొమ్మకు కదిలే భాగం ఒక్కటి చాలు: ఆవుకు తల, చేపకు తోక, అవ్వకు చెయ్యి. రెండు ముక్కలకూ చిల్లు పెట్టి, దారం దూర్చి రెండు వైపులా ముడి వేస్తే అదే కీలు. నోరు కదిలించే ఆలోచన అస్సలు పెట్టుకోవద్దు. తోలుబొమ్మలాటలో మాట్లాడుతున్న బొమ్మను ఆడిస్తారు, వింటున్న బొమ్మ నిలకడగా ఉంటుంది. చూసేవాళ్లకు ఎవరు మాట్లాడుతున్నారో అర్థమైపోతుంది. అదే ఇక్కడా.

పాపాయికి చెయ్యి చేయక్కర్లేదు. పుట్టలో వేలు పెట్టే సీన్లో ఒక పిల్ల తన నిజం వేలినే ఫ్రేములోకి, అంటే కెమెరాకు కనిపించే మేరలోకి, కొంచెం కొంచెంగా పెడితే, పక్కన అట్ట చీమ ఉంటే, తెర మీద ఆ సీను చూసి తరగతి అంతా గొల్లున నవ్వుతుంది.

ఇక్కడ ఒక మాట. "ఏఐకి చెబితే ఆవు బొమ్మ క్షణంలో ఇస్తుంది కదా, ఈ కత్తిరింపులన్నీ ఎందుకు?" అని తల్లిదండ్రులో, తోటి టీచర్లో అడుగుతారు. ఇస్తుంది, చాలా అందమైన ఆవునే ఇస్తుంది. కానీ మేయని ఆవు ఎలా నిలబడుతుంది, తల ఎత్తుకుని ఉంటుందా, దించుకుని ఉంటుందా అని ఆ పిల్లవాడు ఆలోచించాల్సిన పని ఉండదు. ఎనిమిదేళ్ల పిల్లలకు నేనైతే వద్దంటాను. హైస్కూలుకు వచ్చాక చూసుకోవచ్చు.

నాలుగు, ఐదు రోజులు: షూటింగ్

నేల మీద చార్టు పరిచి నాలుగు మూలలా టేపు వేయండి. పక్కన బెంచీ పెట్టి, కెమెరా ఉన్న చివర రెండంగుళాలు అంచు దాటేలా ఫోను ఉంచండి. స్క్రీన్ పైకి, కెమెరా కిందికి చార్టును చూస్తూ ఉండాలి. ఫోను జరగకుండా టేపుతో బెంచీకి అంటించి, అటు చివర డిక్షనరీ లాంటి బరువైన పుస్తకం పెట్టండి. బెంచీ కాలు ఫ్రేములోకి వస్తే కొంచెం జూమ్ చేయండి. స్క్రీన్ మీద ఎంత మేరకు కనిపిస్తోందో చూసి, చార్టు మీద ఆ అంచుల వెంట పెన్సిల్ గీత గీయండి. గీత దాటితే బొమ్మ సినిమాలోంచి బయటికెళ్లిపోయినట్టు అని పిల్లలకు చెప్పండి.

మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి:

– ఫ్యాను ఆపండి. బొమ్మలు ఎగురుతాయి, రెక్కల నీడ ప్రతి ఫోటోలో ఒక్కోచోట పడుతుంది.
– ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. ముప్పయ్యో ఫోటో దగ్గర కాల్ వస్తే ఫోను కదిలిపోతుంది.
– బ్యాటరీ, ఖాళీ స్థలం చూడండి.
– యాప్ సెట్టింగులో వేగం సెకనుకు 6 అని పెట్టండి. ఫోకస్, వెలుతురు తనంతట తాను మారకుండా లాక్ చేసే వీలుంటే చేయండి. లేకపోతే వీడియో మినుకుమినుకుమంటుంది.
– ఎండ నేరుగా పడే చోటు వద్దు. మబ్బు వచ్చి పోతే చాలు, సీను సగంలో రంగు మారిపోతుంది. కిటికీకి దూరంగా, ఒకే రకం వెలుతురు ఉండే మూల మేలు.

గుంపులో నలుగురికీ నాలుగు పనులు. ఒకరు బొమ్మను జరుపుతారు. ఒకరు ఫోను మీద తడతారు, గట్టిగా నొక్కకూడదు. ఒకరు ఫోటోలు లెక్కపెడతారు. నాలుగో వాళ్లు మూడు గళ్ల కాగితం పట్టుకుని, చేతులన్నీ ఫ్రేములోంచి బయటికి వచ్చాయో లేదో చూసి "తియ్!" అంటారు. ఆ మాట వినబడేదాకా ఎవరూ తట్టకూడదు. ఈ ఒక్క నియమం కచ్చితంగా అమలైతే సగం గొడవలు ఉండవు. పన్నెండు ఫోటోలకోసారి పనులు మారాలి. 48 ఫోటోలంటే నలుగురికీ ఫోను చేతికి అందినట్టే. "వాడే పట్టుకున్నాడు టీచర్" అనే ఫిర్యాదు రాదు.

ఎంత జరపాలి? గోరు వెడల్పు. పిల్లలు మొదట బెత్తెడు బెత్తెడు జరుపుతారు, ఆవు పరిగెత్తినట్టు ఉంటుంది. నాలుగు ఫోటోలు తీయించి, ఆడించి చూపించండి. తేడా వాళ్లకే కనిపిస్తుంది. ముందు తీసిన ఫోటోను లేత నీడలా చూపించే ఏర్పాటు యాప్‌లో ఉంది. దాన్ని ఆన్ చేస్తే ఎంత జరిపామో తెలుస్తుంది, పొరపాటున బొమ్మ కదిలిపోయినా మళ్లీ అదే చోట పెట్టుకోవచ్చు.

ప్రతి సీను మొదట్లో, చివర్లో బొమ్మను కదపకుండా ఆరేసి ఫోటోలు తీయించండి. అంటే ఒక్కో సెకను నిలకడ. ఇది లేకపోతే చూసేవాళ్లకు ఏం చూస్తున్నామో అర్థమయ్యేలోపే సీను దాటిపోతుంది. పైగా అవి చకచకా అయిపోయే ఫోటోలు, 48లో 12 అలా వచ్చేస్తాయి.

కథ వరసలోనే తీయాలని లేదు. చేప, గడ్డిమోపు, ఆవు సీన్లకు పెరడే నేపథ్యమైతే మూడూ ఒకేసారి తీసేయండి. ఒక్కో సీనుకూ ఒక్కో ప్రాజెక్టు తెరిచి "1 చేప", "2 మోపు" అని పేర్లు పెడితే తర్వాత వెతుక్కునే పని ఉండదు. ఒక పీరియడ్‌లో రెండు, మహా అయితే మూడు సీన్లు అవుతాయి. అందుకే దీనికి రెండు రోజులు, ఒక్కోసారి మూడో రోజు కూడా పడుతుంది. తక్కిన గుంపులు ఆ సమయంలో ఖాళీగా కూర్చుంటే షూటింగ్ దగ్గరికే వచ్చి తొక్కిసలాడతారు. వాళ్లకు శబ్దాల పని అప్పగించి వరండాలోకి పంపండి.

ఫోటోలో చెయ్యి పడిందా? ఆ ఒక్క ఫోటో తీసేస్తే చాలు. ఫోనే కదిలిపోయిందా? నీడ చూపించే ఏర్పాటుతో పాత చోటికి తెచ్చుకోండి. కుదరకపోతే అక్కడ సీను ఆపి, దగ్గరి నుంచి తీసే కొత్త సీను మొదలుపెట్టండి. మొదట్నుంచీ తీయాలని పట్టుబడితే పిల్లలు డీలా పడిపోతారు.

గొంతులు, శబ్దాలు

బడి శబ్దం మధ్య రికార్డింగ్ కుదరదు. మధ్యాహ్న భోజనం అయ్యాక అందరూ బయట ఉన్నప్పుడో, లాంగ్ బెల్ కొట్టాక పది నిమిషాలు ఆపుకునో చేయండి. తలుపులు వేసి, ఫోనును పిల్లవాడి నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా పట్టుకోండి. ఎదురుగా పెడితే "ప", "భ" అన్నప్పుడల్లా ఊపిరి ఢామ్మని పడుతుంది.

మాటలు కాగితం చూసి చదివిస్తే పాఠం అప్పజెప్పినట్టు ఉంటుంది. కాగితం తీసేసి ఇంట్లో మాట్లాడే తీరులోనే అనమనండి. అవ్వ గొంతు ఆదిలాబాద్‌లో ఒక తీరు, శ్రీకాకుళంలో ఒక తీరు, చిత్తూరులో ఇంకో తీరు. ఆ యాస అలాగే రానివ్వండి, దిద్దకండి. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పని పిల్లలు ముఖం కనిపించదు కాబట్టి ఇక్కడ ముందుకొస్తారు. వాళ్లకు చీమ పాత్ర ఇవ్వండి. కథలో అందరూ ఎదురుచూసే మాట ఆ చీమదే.

గడ్డి గలగలకు పాత పేపరు నలపడం, నడకకు రెండు కొబ్బరి చిప్పలు, పాపాయి ఏడుపుకు ఎవరి తమ్ముడో చెల్లో. సినిమా పాటలు పెట్టొద్దు. అవి వేరేవాళ్ల సొత్తు, పైగా పాట మొదలైతే ఎవరూ కథ చూడరు.

చూపించడం

బడిలో ఐఎఫ్‌పీ ప్యానెలో (తాకితే పనిచేసే పెద్ద డిజిటల్ తెర) స్మార్ట్ టీవీయో ఉంటే దాని మీద, లేదంటే ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి గుంపులవారీగా చూపించండి. చూశాక "బాగుందా?" అని అడగొద్దు. అందరూ బాగుందనే అంటారు. "మనం వదిలేసింది ఏమైనా ఉందా? కథ తెలియని మీ తమ్ముడికి ఎక్కడ అర్థం కాదు?" అని అడగండి. జవాబులు బోర్డు మీద రాసి, రెండు మూడు ఫోటోలు కలిపితే సరిపోయే తప్పుల్ని అక్కడికక్కడే సరిచేయించండి.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు పేర్ల పట్టీ చూడండి: పిల్లల పేర్లు చాలు, ఇంటిపేరు, ఊరు, బడి అక్కర్లేదు. యూట్యూబ్ లాంటి చోట పెట్టాలంటే తల్లిదండ్రుల అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. ఈ పద్ధతిలో ముఖాలు కనిపించవు కాబట్టి చిక్కులు తక్కువే, అయినా గొంతూ వాళ్లదే కదా.

ఇంకా చిన్నపిల్లలైతే

ఒకటి, రెండు తరగతుల వాళ్లకు 48 ఫోటోల ఓపిక ఉండదు. వాళ్ల చేత కథలో ఒక్క క్షణాన్ని ఒంటితో నిలబెట్టించి ఫోటో తీయండి: ఒకరు ఆవు, ఒకరు మోపు, ఒకరు పాలేరు, కదలకుండా. ఏడు ఫోటోలు, ఏడు గొంతులు, అదే సినిమా. ఇందులో ముఖాలు కనిపిస్తాయి కాబట్టి ఫోటోలు తరగతి దాటనివ్వకండి. బడిలో ట్యాబ్‌లు ఉంటే స్క్రాచ్‌జూనియర్ కూడా మంచిదే. ఐదు నుంచి ఏడేళ్ల వాళ్ల కోసం చేసిన ఉచిత యాప్ అది, బొమ్మల బ్లాకులు పేర్చితే పాత్రలు కదులుతాయి. ఒక ప్రాజెక్టులో నాలుగు పేజీలే ఉంటాయి కాబట్టి ఏడు చేపల కథ అందులో పట్టదు, రెండు ముక్కలు చేయాలి.

రెండో కథ పిల్లల్నే ఎంచుకోనివ్వండి. పాఠ్యపుస్తకంలో నచ్చింది దొరకకపోతే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు కథలు బోలెడున్నాయి. రచయిత, చిత్రకారుల పేర్లు చెప్పి వాడుకునేలా స్వేచ్ఛగా ఇచ్చినవి అవి. ఎంచుకునేటప్పుడు పాత్రలు ఐదారుకు మించకుండా, కథ రెండు చోట్లకు మించి తిరగకుండా చూసుకోండి. యుద్ధాలు, వరదలు, గుంపులుగా జనం ఉన్న కథల్ని పిల్లలు ఎగబడి కోరుకుంటారు. మూడు గళ్ల కాగితం ఇచ్చి, ఎన్ని బొమ్మలు కోయాలో వాళ్లనే లెక్కపెట్టమనండి.